ఫ్రీడ్ల్ డిక్కర్-బ్రాండైస్: పాఠం చెప్పిన చిత్రకారిణి

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే ఆస్ట్రియన్ చిత్రకారిణి పేరు ఫ్రీడ్ల్ డిక్కర్-బ్రాండైస్. 1898 జూలై 30న వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1944 అక్టోబర్‌లో ఆష్విట్జ్-బిర్కెనావ్ అనే నాజీ చంపుడు శిబిరంలో ఆమెను చంపేశారు. బతికింది నలభై ఆరేళ్లు. ఆమె పేరు విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లకు కూడా సాధారణంగా ఒక్క సంగతే తెలుసు: తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలకు బొమ్మలు నేర్పిన టీచరమ్మ అని. అది నిజమే. కానీ ఆ రెండేళ్ల వెనక పాతికేళ్ల కృషి ఉంది. దాన్ని వదిలేస్తే ఆమెను దయగల తల్లిగా మాత్రమే తలచుకుని, కళ్లు తుడుచుకుని లేచిపోతాం. తన కాలపు చిత్రకళలో అన్నిటికన్నా కొత్తదైన, కష్టమైన పాఠాన్ని ఆమె నేర్చుకున్నారు. దాన్ని ఏమాత్రం పలచన చేయకుండా ఆ పిల్లల ముందు పెట్టారు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

తండ్రి సైమన్ డిక్కర్ ఒక స్టేషనరీ దుకాణంలో గుమాస్తా. ఫ్రీడ్ల్‌కి నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. ఆస్తిపాస్తులు లేని ఇల్లు, కానీ కాగితానికీ పెన్సిలుకీ కరువులేని బాల్యం. పద్నాలుగేళ్ల ప్రాయంలో చేతిలో ఒక పని ఉండాలని ఫొటోగ్రఫీలో చేరారు. తరువాత వియన్నాలోని చేతిపనుల కళాశాలలో బట్టల డిజైన్, ఆపైన ఫ్రాంజ్ చిజెక్ తరగతి. పిల్లల బొమ్మలను పెద్దవాళ్ల బొమ్మలకు చిత్తుప్రతుల్లా చూడకూడదని, అవి వాటంతట అవే కళ అని యూరప్‌లో మొదట గట్టిగా చెప్పినవారిలో చిజెక్ ఒకరు. ఆ మాట ఫ్రీడ్ల్ మనసులో ఎంత లోతుగా నాటుకుందో తరువాత చూస్తాం.

1916లో యోహానెస్ ఇట్టెన్ అనే స్విస్ చిత్రకారుడు వియన్నాలో ఒక చిన్న బడి పెట్టాడు. ఫ్రీడ్ల్ అక్కడ చేరారు. ఇట్టెన్ తరగతి ఊపిరి పీల్చి వదలడంతో, ఒళ్లు కదిలించడంతో మొదలయ్యేది. ముందు లయ, తరువాత గీత. గరుకుదేదో నునుపుదేదో చేత్తో తడిమి తెలుసుకోవాలి, ఆ తేడా కాగితం మీదికి రావాలి. పాత మహాచిత్రకారుల బొమ్మలు ముందు పెట్టి, వాటిని నకలు తీయమనేవాడు కాదు. వెలుగు ఎటునుంచి ఎటు కదులుతోంది, బరువు ఎక్కడ ఆగింది, అది పట్టుకుని గీయమనేవాడు. ఇవన్నీ దయచేసి గుర్తుపెట్టుకోండి. పాతికేళ్ల తరువాత ఇవే అభ్యాసాలు ఇంకోచోట కనబడతాయి.

ఇంతలో బయట లోకం కూలుతోంది. 1918 ఫిబ్రవరిలో వియన్నా పెద్ద చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ పోయాడు. అక్టోబర్ చివరి రోజున ఇరవై ఎనిమిదేళ్ల చిత్రకారుడు ఎగోన్ షీలే ఇన్‌ఫ్లూయెంజాతో పోయాడు. నవంబర్‌లో యుద్ధం ఓటమితో ముగిసింది, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమే లేకుండా పోయింది. అయిదు కోట్ల పైచిలుకు జనమున్న రాజ్యానికి రాజధానిగా వెలిగిన వియన్నా, అరవై అయిదు లక్షలమంది ఉన్న చిన్న దేశంలో ఆకలితో మిగిలింది. ఫ్రీడ్ల్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు.

1919లో ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే కళలు, డిజైన్ నేర్పే బడి ప్రారంభించి ఇట్టెన్‌ను పిలిచాడు. గురువు వెంట వెళ్లిన శిష్యుల్లో ఫ్రీడ్ల్, ఆమె స్నేహితుడు ఫ్రాంజ్ సింగర్ ఉన్నారు. ఆడపిల్లలను ఎక్కువగా మగ్గం వైపే నెట్టిన బడి అది. ఫ్రీడ్ల్ మగ్గం నేర్చుకున్నారు, అక్కడితో ఆగలేదు. పుస్తకాల బైండింగ్, రాతిముద్రణ, అక్షరాల అమరిక, నాటకాలకు రంగాలంకరణ అన్నీ పట్టారు. చిత్రకారుడు పాల్ క్లే ఉపన్యాసాలు విన్నారు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పే పని కూడా విద్యార్థిగా ఉండగానే ఆమెకు అప్పగించారు.

ఇక్కడ మన దేశం ముచ్చట ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. 1922 డిసెంబర్‌లో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారి ప్రదర్శనలో బౌహౌస్ చిత్రాలు పెట్టారు. ఆ చిత్రాలను రప్పించడంలో ముఖ్యపాత్ర కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్‌ది. ఆమె కూడా వియన్నాలో చదువుకున్న మనిషే. ఆమె ఉత్తరం రాసింది ఇట్టెన్‌కే. ఫ్రీడ్ల్ గురువుల బొమ్మలు, అంటే ఇట్టెన్, క్లే గీసినవి, మన టాగూర్ కుటుంబ చిత్రకారుల బొమ్మలున్న ప్రదర్శనకే వచ్చాయి. భారతీయ శిల్పకళ మీద క్రామ్రిష్ చేసిన కృషి గురించి ఇక్కడున్న కళా విద్యార్థులకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

1923లో ఫ్రీడ్ల్ బౌహౌస్ వదిలారు. బెర్లిన్‌లో సింగర్‌తో కలిసి ఒక వర్క్‌షాప్ నడిపి, తిరిగి వియన్నా చేరి, అక్కడ ఇద్దరూ ఉమ్మడి స్టూడియో పెట్టారు. ఇళ్ల లోపలి అమరిక, కుర్చీలు, దీపాలు, బట్టలు, అన్నీ వాళ్లే డిజైన్ చేసేవారు. అప్పటి వియన్నా నగరపాలన సోషల్ డెమొక్రాట్ల చేతిలో ఉంది. పదేళ్లలో కార్మికులకు అరవై వేలకు పైగా ఇళ్లు కట్టారు. చిన్న చిన్న గదులు. ఆ కాలానికి తగ్గట్టే ఈ స్టూడియో మడిస్తే గోడలోకి పోయే మంచాలు, ఒకదాని మీద ఒకటి పేర్చే కుర్చీలు చేసింది. గేతెహోఫ్ అనే కార్మిక గృహసముదాయంలో మాంటిస్సోరి శిశుపాఠశాల లోపలి అమరికంతా వీరిదే. పిల్లలే తీసుకుని, వాడుకుని, మళ్లీ సర్దిపెట్టుకోగలిగే సామాను. అదే రోజుల్లో నగరపాలన కోరితే శిశుపాఠశాలల టీచర్లకు బొమ్మల పాఠాలు కూడా చెప్పారు ఫ్రీడ్ల్. ఆ స్టూడియో చేసిన పనిలో చాలా భాగం ఇప్పుడు నక్షాల్లో, ఫొటోల్లోనే ఉంది. తరువాత వచ్చినవాళ్లు దాన్ని మిగలనివ్వలేదు.

ఆమె కమ్యూనిస్టు. 1930ల మొదట్లో ఫొటోమాంటేజ్ పోస్టర్లు, అంటే ఫొటో ముక్కలు కలిపి అతికించిన పోస్టర్లు చేశారు. ఒక దానిలో నడిమధ్య ఏడుస్తున్న పసిబిడ్డ, చుట్టూ సైనికులు, డబ్బు, జనసమూహం. బిడ్డా, నువ్వు పుట్టిన లోకం ఇలా ఉంది అని ఆ పోస్టర్ భావం. 1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియా ఛాన్సలర్ డోల్ఫుస్ ప్రభుత్వం వియన్నా కార్మికుల మీదికి సైన్యాన్ని దించింది. గేతెహోఫ్ కూడా పోరాటరంగమైంది. ఆ ఏడే ఫ్రీడ్ల్‌ను అరెస్టు చేశారు. స్టూడియోలో దొంగ పాస్‌పోర్టులు దొరికాయని ఆరోపణ. విడుదలయ్యాక చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్ వెళ్లిపోయారు. పోలీసు విచారణను చిత్రాలుగా వేశారు. అవి చూస్తే, అప్పటిదాకా కొలతలూ కోణాలూ పట్టిన చెయ్యి ఎలా మారిందో తెలుస్తుంది.

ప్రాగ్‌లో ఆమె మనుషుల వైపు తిరిగారు. ముఖాలు, కిటికీలోంచి కనబడే వీధులు, పూలు. ఇది పోరాటం నుంచి వెనక్కి తగ్గడమని కొందరంటారు. నేను ఒప్పుకోను. పోస్టర్ చూసేవాడు క్షణంలో అర్థం చేసుకోవాలి. విచారణ గదిలో కూర్చుని వచ్చిన మనిషికి అంత వేగం మీద నమ్మకం పోవచ్చు. ఒక ముఖాన్ని గంటలకొద్దీ చూడటం కూడా ఆ రోజుల్లో చిన్న పని కాదు. నాజీ జర్మనీ నుంచీ ఆస్ట్రియా నుంచీ పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఆమె ప్రాగ్‌లో బొమ్మల తరగతులు నడిపారు. అప్పుడు ఆమెకు సాయం చేసిన ఇరవై ఏళ్ల అమ్మాయి ఎడిత్ క్రామర్. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

1936లో తన బంధువు పావెల్ బ్రాండైస్‌ను పెళ్లి చేసుకున్నారు. 1938లో ఇద్దరూ హ్రోనోవ్ అనే చిన్న ఊరికి మారి బట్టల మిల్లులో పనికి కుదిరారు. 1939 మార్చిలో నాజీలు అక్కడికీ వచ్చారు. పాలస్తీనా వెళ్లడానికి ఫ్రీడ్ల్‌కి వీసా దొరికింది, పావెల్‌కి దొరకలేదు. ఆమె వెళ్లలేదు. ఉద్యోగాలు పోయాయి, ఇల్లు మారింది, మళ్లీ మారింది. ఆమె గీస్తూనే ఉన్నారు. 1940లో లండన్‌లో ఆమె చిత్రాల ప్రదర్శన ఒకటి జరిగింది. అక్కడ గోడల మీద బొమ్మలు వేలాడుతుంటే, గీసిన మనిషికి ఇక్కడ ఊరు దాటే వీలు లేదు.

1942 డిసెంబర్‌లో పిలుపు వచ్చింది. తలకు యాభై కిలోల సామాను. ఆమె మూటలో ఎక్కువగా ఉన్నవి రంగులు, కాగితాలు. దుప్పట్లకు రంగులు అద్దారని ఆమె స్నేహితురాలు తరువాత చెప్పింది. పిల్లలతో నాటకం ఆడించాల్సి వస్తే పచ్చ దుప్పటి అడవి అవుతుందని ఆలోచన. డిసెంబర్ 17న భార్యాభర్తలు తెరెజీన్ చేరారు.

తెరెజీన్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ తల్లి మరియా థెరీసా పేరుతో కట్టించిన కోట ఊరు. దాన్ని నాజీలు యూదుల నిర్బంధ పట్టణం చేశారు. మొత్తం మీద దాదాపు 1,40,000 మందిని అక్కడికి తెచ్చారు. అక్కడే ఆకలితో, జబ్బులతో 33,000 మంది పోయారు. మిగిలినవాళ్లలో ఎక్కువమందిని తూర్పున ఉన్న చంపుడు శిబిరాలకు పంపారు. పిల్లలను విడిగా హోముల్లో ఉంచారు. చదువు చెప్పడం నిషేధం. బొమ్మలు, పాటలు మాత్రం చూసీ చూడనట్టు వదిలేశారు.

ఫ్రీడ్ల్ ముఖ్యంగా ఎల్ 410 అనే ఆడపిల్లల హోములో పాఠం చెప్పారు. మూడంతస్తుల మంచాల మధ్య ఒక బల్ల. కాగితం ఎక్కడిది? పనికిరాని ఆఫీసు ఫారాలు, సామాను చుట్టిన కాగితాలు, ఒకవైపు ఏదో రాసేసినవి. గళ్లు కొట్టిన లెక్కల కాగితాన్ని చింపి, కత్తిరించి, దానితోనే కొలాజ్, అంటే అతుకు బొమ్మలు చేయించారు. ఇప్పుడు ఆ బొమ్మలు చూస్తే, చెట్టు మొదట్లోనో ఇంటి గోడలోనో ఏదో ఫారం తాలూకు అచ్చు గీతలు కనబడతాయి. ఆ గీతల గరుకుదనాన్నే బొమ్మలో భాగం చేయడం ఇట్టెన్ దగ్గర నేర్చుకున్న పాఠం.

తరగతి లయతోనే మొదలయ్యేది. ఆమె మాటలతో వేగం చెబుతుంటే చేతులు కదలాలి. ఒక్కోసారి కథ చెప్పి, అందులో తాను రెండుసార్లు పలికిన వస్తువులనే గీయమనేవారు. ఆలోచించండి: చెవి అప్రమత్తంగా ఉండాలి, కథలో ఏది ముఖ్యమో చేతికి తెలియాలి. తిండి వరుస గురించో, నిన్న బండెక్కించి పంపిన స్నేహితురాలి గురించో ఆలోచన ఆ గంటసేపు లోపలికి రాదు. వెర్మీర్, వాన్ గోహ్ చిత్రాల అచ్చులు పెట్టి, వాటిలోని వెలుగును రంగు కాగితాలతో పట్టుకోమన్నారు. పదకొండేళ్ల పిల్లలు! వైమార్‌లో ఇరవై ఏళ్లవాళ్లు తడబడిన అభ్యాసాలివి.

ఏం గీయాలో మాత్రం పిల్లల ఇష్టం. ఇల్లు, పచ్చిక, పూలు, సీతాకోకచిలుకలు గీశారు. బంకు మంచాలు, తిండి వరుసలు, కాపలావాళ్లు, ఉరికొయ్య కూడా గీశారు. ఆమె దిద్దలేదు, అందంగా గీయమనలేదు. ఒక్క నియమం పెట్టారు: ప్రతి బొమ్మ మీదా గీసినవాళ్ల పేరుండాలి. మనిషిని రవాణా నంబరుగా మార్చిన చోట ఆ నియమం పెట్టారు. తన సొంత బొమ్మల్లో చాలావాటికి మాత్రం ఆమె సంతకం లేదు.

1943లో శిబిరంలోనే పిల్లల బొమ్మలతో ప్రదర్శన పెట్టి, అక్కడి పంతుళ్ల ముందు ఆమె ఒక ప్రసంగం చేశారు. ఆ ప్రసంగ పాఠం మిగిలి ఉంది. అందరినీ చిత్రకారులను చేయడం ఈ తరగతుల లక్ష్యం కాదని, పిల్లల్లో ఉన్న సృజనకు, స్వతంత్రతకు దారి తెరవడమే లక్ష్యమని అందులో ఆమె చెప్పినదాని సారాంశం. పెద్దలు తమ దారిని వాళ్ల మీద రుద్ది, తొందరపెడితే, పిల్లలకు తమ శక్తి తమకు అందకుండా పోతుందని హెచ్చరించారు. ఈ సభలో డ్రాయింగ్ మాస్టార్లు చాలామంది ఉన్నారు. బోర్డు మీద మామిడిపండు వేసి, అలాగే దింపమనడం మన బళ్లలో ఇప్పటికీ ఉంది. ఒకసారి ఆ ప్రసంగాన్ని మీ ముందు పెట్టుకోమని నా విన్నపం.

అదే శిబిరంలో ఇతర చిత్రకారులు వేరే పని చేశారు, అది కూడా చెప్పుకోవాలి. బెద్రిచ్ ఫ్రిట్టా, లియో హాస్ వంటివాళ్లు పగలు ఆఫీసుకు నక్షాలు గీస్తూ, రహస్యంగా శవాల బండ్లను, ఆకలి ముఖాలను గీసి దాచారు. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు చూడటానికి వచ్చారు. అంతకుముందే ఊరికి రంగులు వేశారు, ఆటస్థలం కట్టారు, జనం కిక్కిరిసినట్టు కనబడకూడదని మే నెలలో ఏడున్నర వేలమందిని ఆష్విట్జ్‌కి పంపేశారు. ఆ వచ్చినవాళ్లు చూపించింది చూసి వెళ్లారు. జూలైలో ఆ చిత్రకారులను పట్టుకుని హింసించారు. వాళ్లు సాక్ష్యం గీశారు, ఫ్రీడ్ల్ పూలు గీశారు, కాబట్టి వాళ్ల ధైర్యం పెద్దది అనే మాట నేను విన్నాను. ఈ పోటీ అనవసరం. వాళ్లు జరుగుతున్నదానికి సాక్ష్యాన్ని బయటి లోకం కోసం భద్రపరిచారు. ఆమె ఆ రోజు బతికి ఉన్న పిల్లల చూపును ఆ రోజుకు కాపాడారు.

1944 సెప్టెంబర్ 28న పావెల్‌ను బండెక్కించారు. ఫ్రీడ్ల్ తానే పేరిచ్చి తరువాతి రవాణాల్లో ఒకదానిలో వెళ్లారు. అక్టోబర్ 6న బయల్దేరిన ఆ రైల్లో ఆమె విద్యార్థులు కూడా ఉన్నారు. అక్టోబర్ 9న చనిపోయినట్టు లెక్క. పావెల్ బతికి బయటపడ్డాడు.

వెళ్లేముందు ఆమె రెండు సూట్‌కేసులు దాచిపెట్టారు. వాటిలో దాదాపు 4,500 బొమ్మలు. యుద్ధం ముగిశాక, ఎల్ 410 బాధ్యత చివరిగా చూసిన విల్లీ గ్రోగ్ వాటిని ప్రాగ్ యూదు సమాజానికి చేర్చాడు. ఇప్పుడవి ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. సంతకాలు ఉన్నాయి కాబట్టి ఎవరు గీశారో వెతకగలిగారు. దాదాపు 660 మంది పిల్లల పేర్లు తేలాయి. వాళ్లలో 550 మందిని చంపేశారు.

ఎడిత్ క్రామర్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె 1938లో న్యూయార్క్ చేరింది. 1950ల నుంచి అక్కడ, చిన్నతనంలోనే దెబ్బతిన్న మగపిల్లల బడిలో బొమ్మలు నేర్పింది. ఈరోజు ఆర్ట్ థెరపీ అని పిలుస్తున్న వృత్తికి పునాది వేసినవారిలో ఆమెను లెక్కిస్తారు. ఆ రంగంలో ఆమె జీవితాంతం ఒక విషయం మీద పట్టుబట్టింది. బొమ్మ రోగలక్షణం చదవడానికి ఉపయోగపడే కాగితం కాదు, బొమ్మ బాగా కుదిరినప్పుడే పిల్లవాడికి మేలు, కాబట్టి ఈ పని చేసేవాళ్లు ముందు చిత్రకారులై ఉండాలి అని. 2014లో తొంభై ఏడేళ్ల వయసులో కన్నుమూసేదాకా, ఇది ఫ్రీడ్ల్ దగ్గర నేర్చుకున్నానని చెబుతూనే ఉంది.

సెలవు. ప్రశ్నలుంటే అడగండి.