20 లక్షల హోమ్ థియేటర్ కొటేషన్ రివ్యూ: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

నమస్కారం. ఈ వీడియోలో నేను రివ్యూ చేయబోయేది స్పీకరునో ప్రొజెక్టరునో కాదు, ఒక కొటేషన్‌ను. హైదరాబాద్ శివార్లలోని ఒక విల్లాలో, పై అంతస్తులో హోమ్ థియేటర్ కోసమే విడిగా ఉంచిన గదికి ఇచ్చిన కొటేషన్ ఇది. గది పొడవు 20 అడుగులు, వెడల్పు 14 అడుగులు, స్లాబు ఎత్తు 10 అడుగులు. మొత్తం 20 లక్షల్లో స్పీకర్లకు 9 లక్షలు, ప్రొజెక్టరుకు 4 లక్షలు, 150 అంగుళాల తెరకు లక్ష, ఏవీ రిసీవరుకు, అంటే శబ్దాన్ని విడదీసి స్పీకర్లను నడిపే యంత్రానికి, రెండున్నర లక్షలు, రెండు వరుసల్లో ఆరు రిక్లైనర్లకు ఇంకో రెండున్నర లక్షలు, అకౌస్టిక్ ఫోమ్ ప్యానెళ్లకు 60 వేలు, వైరింగుకు 40 వేలు చూపించారు. రాసిన సామానంతా పేరున్న కంపెనీలదే కాబట్టి పైకి వంక పెట్టడానికి ఏమీ కనిపించదు. అయినా నా లెక్కలో ఈ కొటేషన్ తలకిందులుగా ఉంది. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగలిగిన వస్తువులకు 19 లక్షలు, గోడలు పగలగొడితే తప్ప మార్చలేని పనులకు ఒక్క లక్ష కేటాయించారు.

ముందుగా గది కొలతలనే చూద్దాం, ఎందుకంటే ఈ బడ్జెట్‌లో అత్యంత ఖరీదైన వస్తువు కూడా ఆ కొలతలకు లోబడే పని చేస్తుంది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం చిక్కుకుని మారుమోగే ఫ్రీక్వెన్సీని, అంటే మోడ్‌ను, కనుక్కోవడానికి శబ్ద వేగాన్ని, అంటే సెకనుకు 343 మీటర్లను, గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే సరిపోతుంది. ఆ లెక్కన ఈ గది పొడవుకు 28 హెర్ట్జ్, వెడల్పుకు 40 హెర్ట్జ్, ఎత్తుకు 56 హెర్ట్జ్ వస్తాయి. పొడవు సరిగ్గా ఎత్తుకు రెట్టింపు కావడంతో పొడవు తాలూకు రెండో మోడ్, అంటే 28కి రెట్టింపు, కూడా 56 హెర్ట్జ్ దగ్గరే పడుతుంది. రెండు మోడ్‌లు ఒకే చోట కలవడం వల్ల, దరువు బలంగా ఉన్న పాట పెట్టినప్పుడు ఒక సీటులో గుండెలు అదిరేంత బేస్, మూడడుగుల అవతల సీటులో ఏమీ లేనట్టు ఉండటం ఈ గదికి సహజ లక్షణం అవుతుంది. ఇది బేస్ కోసమే ఉండే స్పీకరు అయిన సబ్‌వూఫర్‌ను ఎంత ఖరీదైనది తెచ్చినా పోయే సమస్య కాదు.

కొటేషన్‌లో దీనికి విరుగుడుగా రాసినవి అంగుళం మందం ఫోమ్ పలకలు. 56 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 20 అడుగులు ఉంటుంది. అంత పెద్ద తరంగాన్ని అంగుళం ఫోమ్ పట్టుకోలేదు. అది పై స్థాయి శబ్దాలను మాత్రమే పీల్చుకోవడంతో మాటలు మందగించి, బేస్ మోత మాత్రం అలాగే మిగులుతుంది. పక్క గదికి శబ్దం వెళ్లకుండా ఆపడానికి కూడా ఈ ఫోమే చాలని చెప్పడం దోమతెర కట్టి వానను ఆపుతామన్నట్టు ఉంది. శబ్దాన్ని ఆపేది బరువు, ఖాళీల్లేని బిగింపు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఎంత దిట్టంగా ఉన్నా, తలుపు కింద అరంగుళం సందు ఉంటే ఆ గోడ చేసిన మేలంతా ఆ సందులోంచే పోతుంది. రాత్రి పూట గదిలో లైటు వేసి, తలుపు మూసి, బయట చీకట్లో నిలబడి చూడండి. వెలుతురు గీత ఎక్కడ కనిపిస్తే శబ్దం కూడా అక్కడి నుంచే వస్తుంది.

అందుకే నేనైతే ఈ 20 లక్షల్లో గదికే 4 లక్షలు తీసి పక్కన పెడతాను. బరువైన ఫ్లష్ డోర్, దాని చుట్టూ రబ్బరు సీలు, తలుపు మూయగానే కింది సందును మూసేసే డ్రాప్ సీలు, పక్క గోడల మీద శబ్దం మొదట తగిలి తిరిగొచ్చే చోట్ల నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి నార) నింపి గుడ్డ కప్పిన ప్యానెళ్లు, మూలల్లో బేస్‌ను పీల్చుకునే ఇంకా మందమైన బేస్ ట్రాప్‌లు, మార్బుల్ నేల మీద కార్పెట్, తెర చుట్టూ మెరుపు లేని ముదురు రంగు పెయింటు, ఇవన్నీ అందులోకి వస్తాయి. వైరింగు, విడి కరెంటు లైను, చప్పుడు తక్కువగా ఉండే ఇన్వర్టర్ ఏసీ కలిపి మరో లక్షన్నర. ప్రొజెక్టరు దాకా వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను గోడలో నేరుగా పూడ్చేయవద్దని ఇక్కడ గట్టిగా చెప్పాలి. హెచ్‌డీఎంఐ 2.0 వచ్చింది 2013లో, సెకనుకు 48 గిగాబిట్ల 2.1 వచ్చింది 2017లో, 2.2 వచ్చింది 2025లో. రేపు ఇంకొకటి వస్తుంది. 40 ఎంఎం పైపు వేసి, లోపల లాగడానికి ఒక తాడు వదిలిపెడితే కేబుల్ మార్చడం గంట పని. అంత దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ అవసరమవుతుంది, దానికి ఒక కొన సోర్సుకు, రెండో కొన డిస్‌ప్లేకు అని ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి లాగేటప్పుడు కొనలు తారుమారు కాకుండా చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. రిసీవరు, సబ్‌వూఫర్లు ఒకే ఫేజు, ఒకే ఎర్తింగు మీద ఉంటే గుయ్యిమనే హమ్ చాలావరకు రాదు.

ఇప్పుడు తెర సంగతి. 150 అంగుళాలు అనగానే ఇంట్లో అందరికీ ఉత్సాహం కలుగుతుంది, కానీ సీట్లు 12 అడుగుల దూరంలో ఉన్నప్పుడు 120 అంగుళాల తెరే దాదాపు 40 డిగ్రీల కోణాన్ని నింపుతుంది. ఇంట్లో చూడటానికి అది నిండైన కొలత. పైగా 150 నుంచి 120కి దిగితే తెర వైశాల్యం మూడో వంతుకు మించి తగ్గి, అదే ప్రొజెక్టరు ఒకటిన్నర రెట్లకు పైగా ప్రకాశంగా కనిపిస్తుంది. అంటే తెర తగ్గించడమే ఇక్కడ ప్రొజెక్టరును మెరుగుపరచడం. మన తెలుగు సినిమాల్లో అధికభాగం స్కోప్‌లో, అంటే ఇంకా వెడల్పాటి చట్రంలో, వస్తాయి కాబట్టి 16:9 తెర మీద పావు వంతు నల్ల పట్టీలే ఉంటాయి. ఆ నలుపు బూడిద రంగులో కనిపిస్తే సినిమా అంతటా కంటికి అడ్డం పడుతూనే ఉంటుంది. అందుచేత డబ్బాల మీద రాసిన ల్యూమెన్ల, అంటే వెలుతురు కొలతల, కంటే నలుపు ఎంత లోతుగా వస్తుందో డెమోలో, పూర్తి చీకట్లో చూసి ఎంచుకోండి. నా లెక్కలో ప్రొజెక్టరు, తెర కలిపి 3 లక్షలు.

ఈ కొటేషన్‌లో ప్రొజెక్టరు ధరను 28 శాతం జీఎస్టీతో వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్లకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు పన్ను 18 శాతానికి తగ్గింది. మూల ధర మారకపోతే 4 లక్షల ప్రొజెక్టరు 3,68,750 రూపాయలకు రావాలి. పాత కొటేషన్ చేతిలో ఉన్నవారు ఆ ఒక్క గడిని మళ్లీ లెక్క వేయించుకోండి.

స్పీకర్ల విషయంలో కొటేషన్‌లో రాసింది 7.1.4, అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, పైన సీలింగులో నాలుగు. తల మీది నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చిన దగ్గర నుంచి ఈ అంకెల పోటీ పెరిగింది. 7.1.4కు పదకొండు ఛానెళ్ల ఆంప్లిఫికేషన్ కావాలి. ఈ గదిలో 5.2.4 చాలు, తొమ్మిది ఛానెళ్ల రిసీవరు దానిని సొంతంగా నడపగలదు. మిగిలిన డబ్బును ముందు మూడు స్పీకర్లలో, అందులోనూ సెంటర్ స్పీకరులో పెట్టాలి. సంభాషణలన్నీ దాదాపుగా అక్కడి నుంచే వస్తాయి. హీరో గొంతు సన్నగా వినిపించే థియేటర్‌లో సీలింగ్ నుంచి వాన శబ్దం ఎంత బాగా కురిసినా ప్రయోజనం తక్కువ. సెన్సిటివిటీ, అంటే ఒకే పవర్‌కు స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత, 3 డెసిబెల్స్ ఎక్కువ ఉన్న స్పీకరుకు అదే శబ్దానికి సగం పవర్ చాలు కాబట్టి ఆ అంకెను తప్పక చూడండి. రిసీవరు డబ్బా మీది 150 వాట్లను నమ్మకండి. రెండు ఛానెళ్లు పని చేస్తుండగా, 8 ఓమ్స్ దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు ఎంత ఇస్తుందన్నదే అసలు కొలత. స్పీకర్లకు 5 లక్షలు, రిసీవరుకు 2 లక్షలు అనుకుందాం. అమెరికాలో ఉన్న బంధువుల చేత రిసీవరు తెప్పించుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడివి సాధారణంగా 120 వోల్టుల యంత్రాలు, వారంటీ కూడా ఇక్కడ సాధారణంగా చెల్లదు.

ఒకే పెద్ద 15 అంగుళాల సబ్‌వూఫర్‌కు బదులు 2 లక్షల్లో రెండు మధ్యస్థ సబ్‌వూఫర్లు తీసుకోవాలని నా సూచన. ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి ఉంచితే పైన చెప్పిన 28 హెర్ట్జ్ మోడ్‌ను రెండూ పరస్పరం రద్దు చేస్తాయి, 40 హెర్ట్జ్ మోడ్ కూడా పెద్దగా లేవదు. ఎదురెదురు గోడల నడిమి బిందువులు సబ్‌వూఫర్లకు మంచి స్థానాలని ఆడియో కంపెనీ హార్మన్‌కు చెందిన టాడ్ వెల్టీ 2002లోనే చూపించారు. మిగిలే 56 హెర్ట్జ్ ఉబ్బును ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ స్థాయిని విడిగా సర్దే సాధనంతో, తగ్గించవచ్చు. ఉబ్బును తగ్గించగలం గానీ, శబ్దం రద్దై ఏర్పడిన గుంటను ఈక్వలైజర్‌తో పూడ్చలేం.

రిక్లైనర్లు ఆరు వద్దు, లక్షలో ఒకే వరుసలో మూడు తీసుకోండి. రెండో వరుస వెనక గోడకు అంటుకుని ఉంటుంది, అక్కడ బేస్ ఎప్పుడూ అతిగానే వినిపిస్తుంది. తలకంటే ఎత్తుగా లేచే సీటు వెనుక భాగాలు సరౌండ్ శబ్దాన్ని అడ్డుకుంటాయి కనుక వీపు తక్కువ ఎత్తున్నవి చూడండి.

కొలతలకు, కాలిబ్రేషన్‌కు (శబ్దాన్ని గదికి తగ్గట్టు సర్దడానికి) 50 వేలు ఉంచితే చేతిలో లక్ష మిగులుతుంది. దానిని పని పూర్తయ్యే వరకు ఖర్చు చేయకండి, ఏదో ఒక పని బయట పడుతుంది. ఇక కొటేషన్ చివరి పేజీలో 80 శాతం అడ్వాన్సు, మిగిలింది సామాను దిగిన రోజు అని రాశారు. దానికి ఒప్పుకోవద్దు. 15 శాతం చివరికి ఉంచి, మూడు సీట్లలోనూ మైక్ పెట్టి తీసిన ఫ్రీక్వెన్సీ గ్రాఫులు ఇచ్చాకే అది చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి. ఈ గ్రాఫులు తీసే ఆర్‌ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కొలత మైక్ కూడా మొత్తం ఖర్చుతో పోలిస్తే చిన్న మొత్తమే. ఆ గ్రాఫులు ఇవ్వడానికి వెనకాడే వారికి ఈ పని అప్పగించకండి.