ఎనిమిది ఓటముల తర్వాత ఎవర్ని మార్చాలి?

అందరికీ నమస్కారం.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు సీజన్ పాడైతే నవంబర్ ఆఖరికల్లా అభిమానుల నోట ఒకటే ప్రశ్న: ఎవర్ని తీసేస్తున్నారు? మన పిల్లలు ఎందరో ఆ యూనివర్సిటీల్లోనే చదువుతున్నారు కాబట్టి, శనివారాలు మన ఇళ్లలోనూ ఆ మాట వినిపిస్తోంది. దానికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటుంది: అసలు ఏం చెడింది? అది తేల్చుకోకుండా అసిస్టెంట్ కోచ్‌లను మారిస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్టే అవుతుంది.

ఇవాళ రెండు జట్ల లెక్కలు మీ ముందు పెడతాను. ఒకటి 2016 నాటి నోటర్ డేమ్, రెండోది 2021 నాటి నెబ్రాస్కా. రెండూ హెడ్ కోచ్‌ను ఉంచుకుని కింది సిబ్బందిని మార్చాయి. మొదటిది మరుసటి ఏడాది 10 ఆటలు గెలిచింది. రెండోది మరుసటి ఏడాది మూడో ఆట కాగానే హెడ్ కోచ్‌ను సాగనంపింది.

సిబ్బంది అమరిక ముందు చెప్పుకుందాం. ఈ ఆటలో బంతి మన చేతిలో ఉన్నప్పుడు దిగే 11 మంది (అఫెన్స్) వేరు, అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు దిగే 11 మంది (డిఫెన్స్) వేరు. తన్నుడు సందర్భాలకు, అంటే పంట్ (ముందుకు సాగలేనప్పుడు బంతిని అవతలివాళ్ల వైపు దూరంగా తన్నేయడం), ఫీల్డ్ గోల్, కిక్‌ఆఫ్ లాంటివాటికి, స్పెషల్ టీమ్స్ దిగుతాయి. ఒకే కప్పు కింద మూడు దుకాణాలన్నమాట. అఫెన్స్‌కి ఒక కోఆర్డినేటర్, డిఫెన్స్‌కి ఒక కోఆర్డినేటర్, వాళ్ల కింద ఒక్కో స్థానానికి ఒక్కో కోచ్. 2016లో హెడ్ కోచ్ కాకుండా 9 మంది అసిస్టెంట్లనే అనుమతించేవారు. 2018 జనవరి నుంచి 10 అయింది. 2024లో మైదానంలో ఎవరు నేర్పవచ్చన్న పరిమితినే ఎత్తేశారు.

క్రికెట్ అలవాటైన మనకు ఒక తేడా తెలియాలి. బౌలింగ్ కోచ్ మారినంత మాత్రాన బౌలర్ రనప్ మారిపోదు. ఇక్కడ డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మారితే జట్టు మాట్లాడే భాషే మారిపోతుంది. ప్రతి అమరికకు ఒక పేరు, ప్రతి సైగకు ఒక అర్థం ఉంటాయి. బంతి కదలడానికి ముందున్న కొద్ది సెకన్లలో 11 మందికీ ఒకే మాట ఒకేలా అర్థం కావాలి. పాతది మరిచిపోవడానికీ, కొత్తది ఒంటపట్టడానికీ వసంతకాలంలో దొరికేది 15 ప్రాక్టీసులే. అందుకే మార్పు అనేది ఖర్చుతో కూడిన మందు. జబ్బు సరిగ్గా కనిపెట్టాకే వాడాలి.

నోటర్ డేమ్‌కి వద్దాం. హెడ్ కోచ్ బ్రయాన్ కెల్లీ. 2016 సీజన్ తొలి నాలుగు ఆటల్లో మూడు ఓడారు. టెక్సస్ చేతిలో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 50-47, మిషిగన్ స్టేట్ చేతిలో 36-28, డ్యూక్ చేతిలో 38-35. డ్యూక్ ఆట సెప్టెంబర్ 24న. మర్నాడే డిఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయాన్ వాన్‌గార్డర్‌ను తొలగించి గ్రెగ్ హడ్సన్‌కు పగ్గాలిచ్చారు.

తొలి నాలుగు ఆటల్లో సమర్పించుకున్న పాయింట్లు 134, సగటు 33.5. మిగతా ఎనిమిదింటిలో 200, సగటు 25. పైకి చూస్తే మందు పనిచేసినట్టే ఉంది. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ఆ ఎనిమిదింటిలో ఒకటి నార్త్ కరోలినా స్టేట్‌తో ఆట. మాథ్యూ తుపాను వానలో 10-3తో ముగిసింది, ఆ బురదలో పాయింట్లు రావడమే కష్టమైంది. ఇంకొకటి ఆర్మీ మీద 44-6 గెలుపు. ఈ రెండూ పక్కన పెడితే మిగిలిన ఆరింటి సగటు 30.7. అంటే కోఆర్డినేటర్ వెళ్లినా డిఫెన్స్ కొద్దిగానే కుదుటపడింది. గెలుపోటములు చూడండి: ముందు 1-3, తర్వాత 3-5. సీజన్ 4-8తో ముగిసింది.

ఇంకో లెక్క ఇంతకన్నా ముఖ్యం. ఆ ఎనిమిది ఓటముల్లో ఏడు 8 పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడాతో పోయినవే. టచ్‌డౌన్‌కి 6, దానిపైన అదనపు ప్రయత్నానికి 2, కలిపి 8. అంటే ఒక్కసారి బంతి దొరికితే సమం చేయగల తేడా. డ్యూక్ మీద 14-0, స్టాన్‌ఫర్డ్ మీద సగం ఆటకి 10-0, వర్జీనియా టెక్ మీద 17-0 ఆధిక్యంలో ఉండి మూడూ పోగొట్టుకున్నారు. ఆధిక్యం తెచ్చుకోగల జట్టు దాన్ని నిలబెట్టుకోలేకపోతే వేలు ఒక్క డిఫెన్స్ అమరికల పుస్తకం వైపే చూపడం సరికాదు. శరీర దారుఢ్యం, స్పెషల్ టీమ్స్, ప్లేలు (బంతి కదిలే ప్రతిసారీ ఆడే ఎత్తుగడలు) ఎంచే పద్ధతి, అన్నీ బల్ల మీదికి రావాలి. తుపాను ఆటలోనే క్వార్టర్‌బ్యాక్ చేత 26 సార్లు బంతి విసిరించారు. చేరినవి 9, వచ్చిన దూరం 54 యార్డులు. ఆ ప్లేలు ఎంచింది డిఫెన్స్ వాళ్లు కాదు కదా.

మరి చెడినదేదో ఎలా తేలుస్తారు? వీడియోతో. ఒక ఆటలో డిఫెన్స్ సుమారు 70 ప్లేలు ఆడుతుంది, 12 ఆటలకు 800 పైచిలుకు. వాటిలో దెబ్బతిన్న ప్రతి ప్లేకీ ఒక గుర్తు పెట్టాలి. ఇద్దరు ఆటగాళ్లు ఒకే చోట కాపలా కాస్తూ పక్క చోటు ఖాళీగా ఉంటే అది సమాచార లోపం: సైగ ఆలస్యంగా అందింది, లేదా ఒకడికి ఒకలా, ఇంకొకడికి ఇంకోలా అర్థమైంది. బంతి కదిలే సమయానికి మనవాడు ఇంకా పక్కల వైపు చూస్తుంటే పుస్తకం బరువెక్కిందని అర్థం. చోటు సరైనదే, మనిషీ సరైనవాడే, కానీ ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి పడేయడం) జారిపోయింది: ఇది నేర్పులో లోపం, ఆ స్థానపు కోచ్ పని. మొదటి సగంలో జారని ట్యాకిల్ నాలుగో క్వార్టర్లో జారితే వ్యాయామశాల వైపు చూడాలి. ఇక ఎంత బాగా నేర్పినా అవతలివాడి వేగం అందుకోలేని వాడుంటే అది రిక్రూటింగ్ లోపం, అంటే ఆటగాళ్లను ఎంచి తెచ్చుకోవడంలో లోపం. దానికి కోఆర్డినేటర్‌ను తీసేసి లాభం లేదు.

ఈ గుర్తులు పెట్టే పని ఆ విభాగపు కోచ్‌లకే అప్పగిస్తే చెడుతుంది. లైన్‌బ్యాకర్ల (ముందు వరుస వెనక నిలిచేవాళ్లు) కోచ్ తప్పంతా సేఫ్టీలదంటాడు (అందరికన్నా వెనక కాచేవాళ్లు), సేఫ్టీల కోచ్ ముందు వరుసదంటాడు. ఆ విభాగంతో సంబంధం లేని ఇద్దరు ఎనలిస్టుల చేత విడివిడిగా చేయించి, ఇద్దరి గుర్తులూ కలవని ప్లేలను మాత్రం హెడ్ కోచ్ కూర్చుని చూడాలి. సాధారణంగా అసలు రోగం కలవని ప్లేలలోనే ఉంటుంది.

ఆ శీతాకాలం నోటర్ డేమ్‌లో మార్పు ఒక్క కుర్చీతో ఆగలేదు. వేక్ ఫారెస్ట్ నుంచి మైక్ ఎల్కో డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు. తనతో పాటు లైన్‌బ్యాకర్ల కోచ్ క్లార్క్ లీని తెచ్చుకున్నాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, నా దృష్టిలో ఇదే కీలకం. కొత్త భాష తెలిసినవాళ్లు ఇద్దరుంటే కోఆర్డినేటర్ ఒక గదిలో పాఠం చెబుతున్నప్పుడు రెండో గదిలోనూ అదే పాఠం నడుస్తుంది. ఒక్కడే వస్తే ముందు తోటి కోచ్‌లకు నేర్పాలి, వాళ్లు నేర్చుకుంటూ పిల్లలకు నేర్పాలి. ఆ 15 ప్రాక్టీసులూ అందులోనే కరిగిపోతాయి. ఎల్కో ఐదో డిఫెన్సివ్ బ్యాక్ (వెనక కాచే ఆటగాడు) స్థానంలో రోవర్ అనే పాత్ర పెట్టాడు: సేఫ్టీ అంత చురుకుగా, లైన్‌బ్యాకర్ అంత గట్టిగా ఉండాలి. సేఫ్టీగా ఆడుతున్న డ్రూ ట్రాంక్విల్‌కి ఆ పాత్ర ఇచ్చారు. ఉన్న మనిషికి తగిన పని వెతకడమంటే ఇదే.

అఫెన్సివ్ కోఆర్డినేటర్ మైక్ శాన్‌ఫర్డ్ వెస్టర్న్ కెంటకీకి హెడ్ కోచ్‌గా వెళ్లడంతో మెంఫిస్ నుంచి చిప్ లాంగ్‌ను తెచ్చారు. ప్లేలు ఎంచే పని కెల్లీ పూర్తిగా లాంగ్ చేతికే వదిలాడు. స్పెషల్ టీమ్స్‌కి నెవాడా హెడ్ కోచ్‌గా పనిచేసిన బ్రయాన్ పోలియన్ వచ్చాడు. శరీర శిక్షణకు కనెటికట్ నుంచి మాట్ బేలిస్ వచ్చాడు. జనవరి నుంచి వేసవి దాకా ఆటగాళ్లతో ఎక్కువ గంటలు గడిపేది కోఆర్డినేటర్లు కాదు, శరీర శిక్షణ కోచ్. అతని పేరు అభిమానులకు తెలియకపోవచ్చు గానీ జట్టు నడవడిక అతని చేతిలోనే ఉంటుంది.

మార్చనివి కూడా చెప్పాలి. అఫెన్సివ్ లైన్ (అఫెన్స్ ముందు వరుస) కోచ్ హ్యారీ హీస్టాండ్‌ను కదపలేదు. ఆ లైన్ 2017లో దేశంలోనే ఉత్తమ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డు గెలిచింది. క్వెంటన్ నెల్సన్, మైక్ మెక్‌గ్లించీ 2018 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోటు) 6, 9 స్థానాల్లో ఎంపికయ్యారు. కోపంలో అందర్నీ ఊడ్చేసి ఉంటే ఈ పంట ఇలాగే చేతికొచ్చేదని చెప్పలేం.

2017లో 10-3. సమర్పించుకున్న పాయింట్లు సగటున 27.8 నుంచి 21.5కి దిగాయి. 8 లేదా అంతకన్నా తక్కువ తేడాతో తేలిన ఆటలు మూడే: జార్జియా చేతిలో 20-19 ఓటమి, నేవీ మీద 24-17, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) మీద 21-17 గెలుపు. దగ్గరి ఆటలు గెలవడం నేర్చుకున్నారని అందరూ అంటారు. లెక్క వేరేలా చెబుతోంది. వాళ్లు ఆటను దగ్గరికి రానివ్వలేదు.

ఇప్పుడు నెబ్రాస్కా. 2021లో 3-9. తొమ్మిది ఓటముల్లో ఒక్కటీ 9 పాయింట్లు దాటలేదు. మొత్తం సీజన్‌లో వేసినవి 335, ఇచ్చినవి 272. 63 పాయింట్లు ఎక్కువ వేసి కూడా 3-9! హెడ్ కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ నవంబర్‌లోనే నలుగురు అఫెన్స్ కోచ్‌లను తొలగించాడు. పిట్స్‌బర్గ్ నుంచి మార్క్ విపుల్‌ను కోఆర్డినేటర్‌గా తెచ్చి ప్లేలు ఎంచే పని ఇచ్చాడు.

ఆ తొమ్మిదింటిలో తన్నుడు చోట్ల పోయినవి చూడండి. ఓక్లహామాలో టచ్‌డౌన్ తర్వాత తన్నే అదనపు పాయింటు కిక్‌ను అడ్డుకోవడంతో, అదే అవతలివాళ్లకు 2 పాయింట్లయింది. మిషిగన్ స్టేట్ మీద కాపలా అంతా ఒక పక్క మోహరిస్తే పంట్ రెండో పక్కకు పోయి 62 యార్డుల టచ్‌డౌన్ అయింది. అయోవా మీద 21-6 దాకా ఆధిక్యం తెచ్చుకున్నాక, అవతలివాళ్లు పంట్‌ను అడ్డుకుని టచ్‌డౌన్ చేశారు, చివరికి 28-21 ఓటమి. అఫెన్స్‌లో లోపాలు లేవనడం లేదు. కానీ కత్తి ఎక్కువగా పడింది ఆ వైపే. స్పెషల్ టీమ్స్‌కి ఎనలిస్టుగా ఉన్న బిల్ బుష్‌ను పైకి తెచ్చారు, అది సరైన అడుగే. డిఫెన్స్‌ను మాత్రం ముట్టుకోలేదు.

2022 తొలి ఆట డబ్లిన్‌లో, నార్త్‌వెస్టర్న్‌తో. 28-17 ఆధిక్యంలో ఉండగా మూడో క్వార్టర్లో ఆన్‌సైడ్ కిక్ వేయించారు. బంతి తిరిగి మనకే దక్కాలని కొట్టే పొట్టి కిక్ అది, సాధారణంగా వెనకబడ్డవాడు చేసే పని. దక్కలేదు. 31-28తో ఓడారు. ఆ నిర్ణయం ఏ అసిస్టెంటుదీ కాదు, ఫ్రాస్ట్‌దే. మూడో ఆటలో, సెప్టెంబర్ 10న, జార్జియా సదరన్ నెబ్రాస్కా సొంత మైదానంలోనే 642 యార్డులు సాధించి 45-42తో గెలిచింది. ముట్టుకోని డిఫెన్స్ అక్కడ కూలింది. మర్నాడే ఫ్రాస్ట్‌ను తొలగించారు. అక్టోబర్ 1 దాకా ఆగితే పరిహారం కోటీ 50 లక్షల డాలర్ల నుంచి 75 లక్షలకు తగ్గేది. 20 రోజులు ఆగలేకపోయారు.

నోటర్ డేమ్‌లో ఇంకొకటి గమనించాలి. ఏడాది కాగానే ఎల్కోను టెక్సస్ ఏ అండ్ ఎం తీసుకుపోయింది. అప్పుడు బయట వెతకకుండా క్లార్క్ లీకే కోఆర్డినేటర్ పదవి ఇచ్చారు. భాష మారలేదు. 2018 రెగ్యులర్ సీజన్ 12-0. మిషిగన్ కూడా ఇదే దారిలో నడిచింది. 2020లో 2-4 అయ్యాక డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డాన్ బ్రౌన్ స్థానంలో ప్రొఫెషనల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ నుంచి మైక్ మెక్‌డొనాల్డ్ వచ్చాడు, 2021లో 12-2. అతను వెనక్కి వెళ్లిపోతే అదే రేవెన్స్ బడిలో పనిచేసిన జెస్సీ మింటర్‌ను తెచ్చుకున్నారు. 2023లో 15-0తో జాతీయ చాంపియన్లు. మంచి కోఆర్డినేటర్ ఎక్కువ కాలం ఉండడు, ఉంటాడనుకుని ప్రణాళిక వేయకూడదు. ఎల్కో ఇప్పుడు టెక్సస్ ఏ అండ్ ఎం హెడ్ కోచ్. 2025 అక్టోబర్ 25న అతని జట్టు 49-25తో ఓడించింది కెల్లీ నడుపుతున్న ఎల్‌ఎస్‌యూనే. మర్నాడు కెల్లీ ఉద్యోగం పోయింది.

గడువుల సంగతి. కెల్లీకి 2016 నవంబర్ 26 నాటి చివరి ఆట నుంచి ఫిబ్రవరి 1న హైస్కూల్ కుర్రాళ్లు యూనివర్సిటీలకు చేసే సంతకాల దాకా రెండు నెలలు దొరికాయి. ఇప్పుడా వెసులుబాటు లేదు. 2017 నుంచి డిసెంబర్‌లోనే ముందస్తు సంతకాలు మొదలయ్యాయి. 2026లో జట్టు మారాలనుకునేవాళ్ల పోర్టల్ జనవరి 2 నుంచి 16 దాకానే తెరిచారు. ఆ కిటికీ తెరిచే నాటికి కోఆర్డినేటర్ కుర్చీ ఖాళీగా ఉంటే కుర్రవాడు ఎవర్ని నమ్ముకుని ఆగుతాడు? కాబట్టి తొలగింపు ప్రకటించిన గంటల్లోనే ఆ స్థానపు ఆటగాళ్లకు హెడ్ కోచ్ స్వయంగా చెప్పాలి. తర్వాత సంతకం చేయబోయే హైస్కూల్ కుర్రాళ్ల ఇళ్లకు ఫోన్లు చేయాలి. పత్రికా ప్రకటన ఆ తర్వాతే. ఈ వరస తప్పితే వాళ్లకు ఆ కబురు ఫోన్ తెరమీద ముందు కనిపిస్తుంది, ఆ నొప్పి మానదు.

డబ్బు విషయంలో అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలు. తొలగించిన కోచ్‌కి ఇంకోచోట ఉద్యోగం దొరికితే ఆ జీతం మన పరిహారంలోంచి తగ్గాలన్న షరతు ఒప్పందంలో మొదటే రాయించాలి. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం జింబో ఫిషర్‌ను తీసేసినప్పుడు పడిన భారం 7.5 కోట్ల డాలర్ల పైమాటే. 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకే నేరుగా డబ్బివ్వవచ్చు; ఒక్కో యూనివర్సిటీకి అందరికీ కలిపి తొలి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. వెళ్లిపోయినవాడికి చెల్లించే ప్రతి డాలరూ ఆ పద్దులోని డాలరుతో పోటీపడుతుంది.

ఇక కొత్త కోఆర్డినేటర్‌తో ముఖాముఖి. మీ సగటు ఎంత, మీ ర్యాంకు ఎంత అని అడిగి లాభం లేదు, అవి కాగితం మీదే ఉన్నాయి. 15 ప్రాక్టీసుల్లో ఏ రోజు ఏం నేర్పుతారో బోర్డు మీద రాయమనండి. మూడో రోజుకే పది అమరికలు రాస్తే జాగ్రత్తపడండి. మన గత సీజన్‌లో దెబ్బతిన్న 20 ప్లేలు చూపించి, ప్రతిదానికీ తప్పెవరిదో చెప్పమనండి. మన ఎనలిస్టుల గుర్తులతో పోల్చండి. మీతో ఎవరొస్తారు, మీరు వెళ్లిపోతే ఈ పాఠం చెప్పగలిగేది ఎవరు అని అడగండి. మన పిల్లలకు ఇప్పటికే నోటికొచ్చిన సైగల పేర్లలో ఎన్నిటిని అలాగే ఉంచుతారో కూడా అడగండి.