షాకు అడుగవుతుందా?

వదిన: నమస్తే. వదినా మరిదుల పాడ్‌కాస్ట్‌కి మళ్లీ వచ్చారంటే మీ ఓపికకి దండం పెట్టాలి. ఇవాళ మన శ్రోతలు అడిగిన సంగతి: షాకు లాంటి జపాన్ పాత కొలతల్ని అడుగులు, అంగుళాల్లోకి మార్చుకోవడం ఎలా అని. కరెంటు షాకు జోకు వేస్తే మైకు ఆపేస్తా, ముందే చెప్తున్నా.

మరిది: నేను నోరే తెరవలేదు కదా వదినా!

వదిన: నీ మొహం చూస్తే తెలుస్తోందిలే. లెక్కలు గబగబా చదివేస్తా, రాసుకునేవాళ్లు రాసుకోండి. సున్ అంటే 1.193 అంగుళాలు. పది సున్‌లు ఒక షాకు, 11.93 అంగుళాలు. ఆరు షాకులు ఒక కెన్. అరవై కెన్‌లు ఒక చో, 119 గజాల చిల్లర. 36 చోలు ఒక రి, అది 2.44 మైళ్లు. అయిపోయింది. షాకుని అడుగే అనుకుని హాయిగా ఉండండి.

మరిది: ఎలా అనుకుంటారు? అడుగు కాదది!

వదిన: అంగుళంలో పద్నాలుగో వంతు తేడాకి కేకలెందుకు?

మరిది: ఒక్క షాకుకైతే అంతే. కెన్ ఎంతో చూడు: 5 అడుగుల 11.58 అంగుళాలు. ఆరడుగులనుకుని పలక కోశావా, సెంటీమీటరు పైన పొడుగొస్తుంది. తలుపు చట్రంలో పట్టి చావదు. అక్కడ ప్లైవుడ్ కూడా మూడు షాకుల వెడల్పు, ఆరు షాకుల పొడవు. మిల్లీమీటర్లలో 910, 1820 అని అమ్ముతారు.

వదిన: నేను తలుపులు చెయ్యట్లేదు నాయనా. సమురాయ్ కథలో ఆరు షాకుల మనిషి వస్తే ఆరడుగుల మనిషి అనుకుంటా. కథేమైనా ఆగుతుందా?

మరిది: కథ ఆగదు. కానీ అడిగినవాళ్లు ఇల్లు కడుతున్నారేమో! సరైన దారి చెప్తా. 1891 చట్టంలో 33 షాకులంటే కచ్చితంగా పది మీటర్లని రాసేసుకున్నారు. కాబట్టి షాకుల్ని పదితో హెచ్చవేసి 33తో భాగిస్తే మీటర్లు, దాన్ని 0.3048తో భాగిస్తే అడుగులు. అక్కడి వడ్రంగుల మూలమట్టం ఉంది చూడు, సాషిగానే...

వదిన: వచ్చింది! మన పాత శ్రోతలందరూ గంట కొట్టండి.

మరిది: పూర్తిగా విను. దాని వెనకవైపు గుర్తులు రెండు వర్గమూలం రెట్లు పెద్దవిగా ఉంటాయి. దుంగ వ్యాసం మీద ఆ వైపు పెడితే, అందులోంచి ఎంత చదరపు దూలం వస్తుందో సూటిగా కనిపిస్తుంది. లెక్కే అక్కర్లేదు.

వదిన: విన్నాం. పోయినసారీ విన్నాం. ఇప్పుడు నేనడుగుతా చెప్పు: నువ్వు చెప్పింది ఏ షాకు?

మరిది: ఏ షాకు ఏంటి, షాకే.

వదిన: కిమోనో కుట్టేవాళ్ల షాకు వేరు బాబూ. కుజిరాజకు అంటారు. మామూలు షాకుకి ఒకటింబావు, 14.9 అంగుళాలు. పది షాకుల బట్ట అంటే పన్నెండడుగుల ఐదంగుళాలు. నీ వడ్రంగి లెక్కలో పదడుగులు కూడా రాదు. రెండున్నర అడుగుల గుడ్డ మింగేసి, నన్ను సెంటీమీటరుకి నిలదీస్తున్నావు!

మరిది: ...సరే. ఒప్పుకున్నా.

వదిన: రికార్డయింది కదా? బాగుంది.

మరిది: ఒక విషయం మాత్రం నవ్వే సంగతి కాదు వదినా. 1959 జనవరి 1 నుంచి అక్కడ లావాదేవీల్లో మెట్రిక్ కొలతలే వాడాలన్నారు. షాకు గుర్తులున్న కొలబద్ద అమ్మితే నేరం. చిన్నప్పట్నుంచీ చేతికి అలవాటైన పనిముట్టుని దొంగసరుకు చేసేశారు. పాటల రచయిత ఎయి రొకుసుకే 1970ల్లో దీని మీద రేడియోలోనూ సభల్లోనూ గొడవ చేశాడు. చివరికి ప్రభుత్వం దిగొచ్చి, మీటరులో 33వ వంతు గుర్తులని రాసి అమ్ముకోనిచ్చింది. గీతలు అవే, పేరే మారింది.

వదిన: మా నాయనే. అది అన్యాయమే. అయినా మనవాళ్లు నయం, చట్టం దాని దారిన అది, మన గజాలు మన దారిన మనవి. హైదరాబాద్‌లో చదరపు మీటర్లలో స్థలం ధర అడిగినవాణ్ణి చూశావా?

మరిది: అక్కడా భూమికి ఇంకా త్సుబో లెక్కే నోట్లో నానుతుంది. ఒక కెన్ పొడవు, ఒక కెన్ వెడల్పు. 35.58 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాలకి కొంచెం తక్కువ. ఇంకో తమాషా, అదే 1959 జులైలో ఇంగ్లిషువాళ్లు, అమెరికావాళ్లు, ఇంకా నాలుగు దేశాలు కలిసి అంగుళాన్ని 25.4 మిల్లీమీటర్లకి బిగించారు. అంతకుముందు అమెరికా అంగుళమూ బ్రిటన్ అంగుళమూ పిసరంత తేడాగా ఉండేవి. ఆ తేడా మూలమట్టం మీద...

వదిన: మళ్లీనా! ఆపు. ఒకావిడ మెసేజ్ పెట్టింది, ఆరు తతామీల గది, అదే నేల మీద పరిచే ఆ గడ్డి చాపలు ఆరు పట్టే గది, ఎన్ని చదరపు అడుగులని.

మరిది: ఏ ఊరు?

వదిన: అదేం ప్రశ్న?

మరిది: క్యోటో తతామీ పొడవు 6.3 షాకులు, తూర్పున టోక్యో వైపు 5.8. ఆరు పరిస్తే క్యోటోలో 118 చదరపు అడుగుల దాకా వస్తుంది, టోక్యోలో వంద కూడా నిండదు.

వదిన: అద్దె మాత్రం టోక్యోలోనే ఎక్కువేమో!

మరిది: అదిగో, కుక్కరు.

వదిన: ఎన్నో కూత?

మరిది: లెక్కపెట్టలేదు.

వదిన: సెంటీమీటర్లు మాత్రం లెక్కపెడతాడు. ఆపెయ్, ఆపెయ్...