బొమ్మకి ముందు సూది

శ్రోతలకు నమస్కారమండి.

"అన్నం తినకపోతే డాక్టరు గారితో సూది వేయిస్తా." కోనసీమలోనైనా, నరసాపురం వైపైనా ఈ మాట వినపడని ఇల్లు తక్కువ. ముద్ద అప్పటికి లోపలికి వెళుతుంది, నిజమే. ఆర్నెల్లు పోయాక పిల్లాడికి జ్వరమొచ్చి నిజంగానే సూది వేయాల్సి వస్తే, అది వాడికి వైద్యంలా కనపడదు, శిక్షలా కనపడుతుంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా పిల్లలకి జబ్బు ఎందుకొచ్చిందో తెలీదు కదా, అందుకని కారణం తమలోనే వెతుక్కుంటారు. చెల్లిని కొట్టాను కాబట్టి జ్వరమొచ్చింది. చెప్పకుండా కాలవగట్టుకి వెళ్లాను కాబట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. తప్పు చేస్తే ఏదో ఒక దెబ్బ దానంతటదే వచ్చి తగులుతుందని చిన్నపిల్లలు నమ్ముతారని స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జీన్ పియాజే 1932లోనే రాశాడు. ఊరికే "నీ తప్పేం లేదురా" అంటే ఆ మాట చెవి దాకానే వెళుతుంది. అదే మాట ఆటలో వస్తే లోపలికి దిగుతుంది.

జబ్బు పిల్లల చేత ఆడించడమంటే నొప్పి మరపించడమని చాలామంది అనుకుంటారు. అదీ ఒక ఉపయోగమే కానీ చిన్నది. ఆసుపత్రిలో పిల్లాడి చెయ్యి ఎవరో పట్టుకుంటారు, నోరు ఎవరో తెరిపిస్తారు, చొక్కా ఎవరో పైకెత్తుతారు. వాణ్ణి అడిగి చేసేది ఒక్కటీ ఉండదు. ఆటలో మాత్రం సిరంజి వాడి చేతిలో ఉంటుంది. పెద్ద ఉపయోగం అదండి.

కాబట్టి ముందు బొమ్మ సంగతి. కొనక్కర్లేదు. పాత పంచె ముక్క జానెడున్నర పొడవున రెండు పొరలుగా కత్తిరించి, చుట్టూ కుట్టి, లోపల దూది కూరండి. మొహం మాత్రం గీయకండి. నవ్వుతున్న బొమ్మకి సూది వేయమంటే పిల్లలకి నమ్మకం కుదరదు. కళ్లూ నోరూ వాళ్లనే స్కెచ్ పెన్నుతో గీసుకోమంటే ఏడుపు మొహమో, కోపం మొహమో వాళ్లకి కావలసింది పెట్టుకుంటారు. మందుల షాపులో 5 ఎం.ఎల్. కొత్త సిరంజి కొని, సూది అక్కడే తీసేసి ఇమ్మనండి. ఆసుపత్రిలో వాడేసిన సిరంజి మాత్రం ఎంత కడిగినా సరే ఇంటికి తేకండి. ఒక బ్యాండేజీ చుట్ట, నాలుగు ప్లాస్టర్లు, కాస్త దూది, ఖాళీ మందు సీసా ఉంటే సరిపోతుంది. ఆయాసానికి నెబ్యులైజర్ పెట్టే పిల్లలైతే పాత మాస్కు కూడా పెట్టండి.

జ్వరం దిగి కాస్త తెరిపిగా ఉన్న వేళ చూసుకుని సామానంతా చాప మీద పరిచి పక్కన కూర్చోండి. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. చెయ్యి పట్టి లాగొద్దు. మొదటి రెండు రోజులు సిరంజి వైపు చూడని పిల్లలు కూడా ఉంటారు, ఉండనివ్వండి. మొదలుపెట్టాక పెద్దవాళ్లు చేసే పొరపాటు, ఆట లాక్కోవడం. "అలా కాదు, చేతికి వెయ్యాలి" అని మామ్మ అందుకుంటుంది. పిల్లాడు బొమ్మ కంట్లో ఇరవైసార్లు పొడిచినా తప్పనకండి. చూసింది చూసినట్టు, "అబ్బో, బొమ్మకి చాలా సూదులు పడుతున్నాయే" అంటే చాలు. కాసేపాగి ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "డాక్టరు గారూ, బొమ్మకి ఈ జ్వరం ఎందుకొచ్చిందండీ?" "అల్లరి చేసింది, అందుకే" అని జవాబు వస్తే అసలు గుట్టు బయటపడినట్టే. అప్పుడు మీరు పక్క ఊరి డాక్టరైపోయి, "నేనూ చూశానండీ, దోమ కుట్టి వచ్చిన జ్వరమిది, అల్లరికి రాదు" అని చెప్పొచ్చు.

డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, ఎన్నున్నాయో చూడటానికి చాలాసార్లు రోజూ పరీక్ష చేస్తారు. రోజూ రక్తం తీస్తుంటే ఒంట్లో ఉన్నదంతా అయిపోతుందని పిల్లలు లోలోపల లెక్కలు వేసుకుంటారు. దీనికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఇరవై కిలోల పిల్లాడి ఒంట్లో సుమారు లీటరున్నర రక్తం ఉంటుంది. ఆ పరీక్షకి తీసేది రెండు ఎం.ఎల్. దాకా. నీళ్లలో ఎర్ర రంగు కలిపి లీటరున్నర సీసా నిండా పోసి, అందులోంచి బొమ్మకి వైద్యం చేస్తున్న ఆ చిన్న డాక్టరునే సిరంజితో 2 అంకె దాకా లాగమనండి. సీసాలో నీటిమట్టం కదిలినట్టు కూడా కనపడదు. ఇంకో భయం, ఆ కన్నంలోంచి రక్తం కారుతూనే ఉంటుందని. మీకు అనవసరమనిపించే ఆ చిన్న ప్లాస్టరు వాళ్లకి అంత ముఖ్యం అందుకే. అడిగితే రెండోది కూడా వేయించండి. సెలైన్ ఎక్కించేటప్పుడు సూది చేతిలోనే ఉండిపోయిందనుకుని చెయ్యి కదపకుండా కర్రలా పెట్టుకునే పిల్లలుంటారు. లోపల ఉండిపోయేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టమేనని, సూది అప్పుడే బయటికి తీసేశారని, ఒక గొట్టం ముక్కని బొమ్మ చేతికి అంటించి చూపిస్తే వేళ్లు ఆడిస్తారు.

మన మాటలు కూడా పిల్లల్ని తికమక పెడతాయండి. పన్ను తీస్తారు, రక్తం తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు. పన్ను తీస్తే పన్ను పోయింది, మరి ఎక్స్‌రే తీస్తే ఏం పోతుంది? "లోపలి ఎముకలకి ఫొటో, ఒంటికేమీ గుచ్చరు" అని చెప్పండి. చేపల బజారులో కత్తిపీట చూసిన పిల్లాడి ముందు "పొట్ట కోస్తారట" అని చుట్టాలతో ఫోనులో మాట్లాడకండి. మత్తు గురించి "నిద్రపుచ్చుతారు" అని ఊరుకోకుండా, ఇది మందుతో వచ్చే నిద్రని, పని అయ్యేదాకా నొప్పి తెలియకుండా డాక్టరు పక్కనే ఉండి చూసుకుంటారని, తర్వాత లేపుతారని చెప్పండి. లేకపోతే ఇంట్లో మామూలుగా నిద్రపోవడానికే భయపడతారు. అయిదేళ్ల లోపు వాళ్లకి ముందురోజు సాయంత్రం చెబితే చాలు. ఏడేళ్లు దాటిన వాళ్లకి నాలుగైదు రోజుల ముందు నుంచి చెప్పాలి. ఆపరేషన్ ఉదయం గుజ్జనగూళ్ల ఆట పెట్టేటప్పుడు అటుకులూ బెల్లమూ దాచేయండి. ఖాళీ కడుపుతో ఉండాల్సిన పిల్లాడు ఆటలో నాలుగు పలుకులు మింగినా ఆపరేషన్ వాయిదా పడొచ్చు.

ఇక సూది వేసే క్షణం. "ఏం కాదు, ఏం కాదు" అని పదిసార్లు అంటే ఏదో అవబోతోందని పిల్లాడికి అర్థమవుతుంది. "చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నా లాభం లేదు. కొబ్బరి తోటలో ఎర్రచీమలు కుట్టిన పిల్లాడికి ఆ పోలిక ధైర్యమివ్వదు! "కొంతమందికి చురుక్కుమంటుంది, కొంతమందికి నొక్కినట్టుంటుంది. నీకెలా ఉందో తర్వాత నాకు చెప్పు" అంటే వాడికో పని అప్పజెప్పినట్టవుతుంది. నలుగురు కలిసి బల్ల మీద వెల్లకిలా అదిమిపట్టకండి, భయం పెరిగేది అక్కడే. అమ్మ ఒళ్లో, అమ్మ గుండెకి గుండె ఆనించి కూర్చోబెట్టి, రెండో చెయ్యి అమ్మ నడుం చుట్టూ వేయించాలి. పసివాళ్లయితే పాలిస్తూ టీకా వేయించుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకా నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో ఈ రెండూ ఉన్నాయి.

అయిదారేళ్లప్పుడు వేసే డీపీటీ బూస్టరు నాటికి పిల్లలకి ఊదడం వచ్చి ఉంటుంది కాబట్టి సబ్బు బుడగలు పనికొస్తాయి. ఒక గ్లాసు నీళ్లకి రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, ఒక చిన్న చెంచా పంచదార. నురగ రాకుండా మెల్లిగా కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే బుడగ గట్టిగా నిలుస్తుంది. కొబ్బరి ఈనెని గుండ్రంగా వంచి దారం చుట్టండి, దారం నీళ్లు పట్టి ఉంచుతుంది. అడవాముదం కాడ పాలతో పల్లెల్లో పిల్లలు ఊదుతుంటారు, ఆ పాలు విషం, అది మాన్పించండి. బుడగ రావాలంటే ఊపిరి సన్నగా, పొడుగ్గా వదలాలి. అలా వదిలేటప్పుడు బిగుసుకున్న భుజం వదులవుతుంది, కండ వదులైతే నొప్పి తగ్గుతుంది. సూదికి రెండు నిమిషాల ముందే మొదలుపెట్టాలి. ఏడుపు అందుకున్నాక బుడగలు తెచ్చినా, ఫోనులో బొమ్మలు పెట్టినా కంటికి ఆనవు. మూడేళ్ల లోపు వాళ్లకి ఊదడం రాదు, మీరు ఊదితే వాళ్లు పగలగొడతారు. ఒకటి గుర్తుంచుకోండి: రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయే పెద్దపిల్లలకి ఈ వదులు చేయడం పనికిరాదు. వాళ్లని పడుకోబెట్టి, తొడలూ పిడికిళ్లూ పది పదిహేను సెకన్లు బిగించి, అరనిమిషం వదలమని, అలా నాలుగైదుసార్లు చేయించాలి.

ఆరేళ్లు దాటిన పిల్లలకి ఊహే మంచి సాధనం. ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని తలసేమియా జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అంటే సూది జీవితాంతం వెంట ఉంటుంది. ఆసుపత్రుల్లో చెయ్యి మీద కనపడని తొడుగు తొడిగినట్టు ఊహించుకోమని నేర్పుతారు. మన పిల్లలకి గోరింటాకు ఇంకా బాగా తెలుసు. వేలి చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కో వేలికీ, అరచేతికీ, మోచేతి దాకా ఊహలోనే గోరింటాకు పెట్టండి. "చల్లగా ఉంది... బరువుగా ఉంది... ఎండుతోంది, చర్మం పట్టేస్తోంది" అంటూ మెల్లిగా తడమండి. మగపిల్లాడు ఒప్పుకోకపోతే ఊడుపు చేలో బురద అనుకోమనండి. రెండు మూడు నిమిషాలు పడుతుంది. నొప్పి రాదని మాటివ్వకండి, "ఈ చెయ్యి కొంచెం తక్కువ పట్టించుకుంటుంది" అనండి. నొప్పి లేని రోజుల్లో ఇంట్లో నాలుగైదు రాత్రులు సాధన చేస్తేనే ఆసుపత్రిలో పనిచేస్తుంది. సూది దగ్గర మొదటిసారి మొదలుపెట్టి, కుదరలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఊహలో ఎక్కడికి వెళ్లాలో కూడా పిల్లలే చెప్పాలి. పంటు మీద గోదారి దాటడం మనకి హాయి. వరదలో ఇల్లు వదిలొచ్చిన లంక పిల్లకి హాయి కాకపోవచ్చు.

నొప్పి ఎంతుందో చెప్పడానికి కూడా గోదారే పనికొస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మన పిల్లలు టీవీలో వింటూనే ఉంటారు. కాగితం మీద ఒక స్తంభం గీసి మూడు గీతలు పెట్టండి. మొదటి హెచ్చరికైతే బుడగలు, రెండోదైతే అమ్మ ఒళ్లో కథ, మూడోదైతే నర్సమ్మని పిలవడం అని ముందే ఒప్పందం చేసుకోండి. పిల్లాడు ఏ గీత చూపిస్తే అదే లెక్క, "అంత ఉండదులే" అని గీత దించకండి. అయిదేళ్ల లోపు వాళ్లకి ఈ కొలత కుదరదు, మొహమూ కాళ్లూ చూసి మనమే పోల్చుకోవాలి.

వరద సంగతి వచ్చింది కాబట్టి పునరావాస కేంద్రాల గురించి ఒక మాట. అక్కడ పిల్లలు బురదతో ఇల్లు కట్టి, చెంబుడు నీళ్లు పోసి కూల్చేస్తుంటారు. అపశకునమని పెద్దలు కసురుతారు. కసరకండి, మింగుడు పడనిదాన్ని నమిలే పద్ధతి అది. అదే ఆట నెల దాటినా ఒక్క మార్పూ లేకుండా సాగుతూ, ఆడాక పిల్లాడు తేలికపడకుండా ఇంకా బెదిరిపోతుంటే మీరూ ఆటలోకి దిగి, "పడవ ఎవరు తెస్తున్నారు?" అనొచ్చు. అయినా మారకపోతే, మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలైతే, తిండీ నిద్రా చెడితే, చచ్చిపోతానన్న మాట వస్తే ఆటతో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితంగా మాట్లాడతారు.

జబ్బుని బట్టి ఆట కూడా మారుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు గెంతులాటలు వద్దు, మంచం మీద పులి-మేక చాలు. క్యాన్సర్ మందులు వాడుతుంటే మట్టి వద్దు, బొమ్మ ఉతకడానికి వీలైనదై ఉండాలి. మూడేళ్ల లోపు వాళ్ల దగ్గర చింతగింజలు, గవ్వలు ఉంచకండి, గొంతుకి అడ్డం పడతాయి.

ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాల పాటు ఇంట్లో అందరికీ సూదులు పడుతూనే ఉంటాయి. తాతగారికి కూడా. చొక్కా చెయ్యి మడిచి కూర్చుని వేయించుకోండి, కొంచెం అరవండి. రాత్రి ఇల్లు సర్దుతూ బొమ్మ కట్టు మాత్రం విప్పేయకండి. అది ఎప్పుడు విప్పాలో ఆ డాక్టరు గారే చెబుతారు.

నమస్కారం.