రాజాం దూరమా, జెనీవా దూరమా?

(బొబ్బిలిలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అమ్మలకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

బొబ్బిలిలో నిలబడి దండయాత్ర గురించి మాట్లాడాలంటే కొంచెం బెరుకుగానే ఉంది. 1757 జనవరి 24 కథ మీకు నేను చెప్పేదేముంది? ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోట మీద నిప్పులు కురిపిస్తుంటే తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. కబురు వేళకు అందలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆలస్యమైందని ఆయన్ని ఈ ఊళ్లో ఎవరూ తప్పుపట్టరు. పాపం, తెలియక రాలేకపోయాడు.

తెలిసీ కదలనివాళ్ల సంగతి ఇవాళ చెబుతాను.

1935 అక్టోబర్ 3న ముస్సోలినీ సైన్యం అబిసీనియా మీద, అంటే ఇప్పటి ఇథియోపియా మీద పడింది. 7వ తేదీకల్లా జెనీవాలో నానాజాతి సమితి (ఇప్పటి ఐక్యరాజ్యసమితికి ముందున్న దేశాల సంఘం) మండలి తప్పు ఇటలీదేనని తేల్చేసింది. మన దగ్గర పొలం గట్టు తగాదా కూడా నాలుగు రోజుల్లో తేలదు. మరి ఆంక్షలో? నవంబర్ 18 దాకా మొదలవలేదు. ఇటలీకి అమ్మకూడని సరుకుల జాబితా వినండి: గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలు, ఒంటెలు... నవ్వకండి, నిజంగానే రాశారు. రబ్బరు ఉంది, తగరం ఉంది. మన గరివిడి వైపు తవ్వే మాంగనీసు కూడా ఉంది. పెట్రోలు మాత్రం లేదు! గాడిదను ఆపి లారీని వదిలేశారన్నమాట. సూయజ్ కాలువ కూడా మూయలేదు. ఇటలీ ఓడలు సుంకం కట్టి సైనికుల్ని దర్జాగా తీసుకుపోయాయి.

బ్రిటన్, ఫ్రాన్స్‌ల లెక్క వేరు. రేపు హిట్లర్‌తో పేచీ వస్తే ముస్సోలినీ తమ పక్కన ఉండాలని వాళ్ల ఆశ. డిసెంబర్‌లో ఆ రెండు దేశాల మంత్రులు అబిసీనియాలో పెద్ద ముక్క ఇటలీకి కట్టబెట్టే ఒప్పందం గుట్టుగా రాసుకున్నారు. అది పేపర్లకెక్కింది, బ్రిటిష్ మంత్రి కుర్చీ పోయింది. చమురు మాట మాత్రం వాయిదా పడుతూనే ఉంది. ఈలోగా ఊళ్ల మీద విమానాల నుంచి మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు కురిసింది.

ఇక 2022. ఫిబ్రవరి నెలకు ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అధ్యక్ష కుర్చీ రష్యాదే. ఉక్రెయిన్ మీదికి వెళ్లొద్దని సభ్యులు మాట్లాడుతుండగానే పుతిన్ దాడి ప్రకటించాడు. తీర్మానం పెడితే 25న రష్యా వీటో చేసింది. మార్చి 2న సాధారణ సభలో 141 దేశాలు ఖండించాయి, కానీ ఆ ఓటుకు సైన్యాన్ని వెనక్కి పంపే బలం లేదు. మన దేశం ఎటూ ఓటేయలేదు. ఉక్రెయిన్‌కు ఆయుధాలైతే వెళ్లాయి, అబిసీనియాకు ఆ స్థాయి సాయం అందలేదు. అయినా ఓడల్లో వచ్చే రష్యా ముడిచమురును యూరప్ ఆపింది డిసెంబర్ 5న. మనం కొనడం పెంచాం, అదీ ఒప్పుకోవాలి. మా వంటింట్లో సన్‌ఫ్లవర్ ఆయిల్ ప్యాకెట్ ధర మాత్రం ఏ తీర్మానం కోసమూ ఆగలేదు.

మళ్లీ జెనీవాకే వస్తాను. 1936 జూన్ 30న, రాజ్యం పోయిన అబిసీనియా చక్రవర్తి హైలే సెలాసీ సమితి వేదికెక్కాడు. ఇటలీ విలేఖరులు ఈలలు వేశారు. వాళ్లను బయటికి పంపాక ఆయన తన అమ్హారిక్ భాషలోనే మాట్లాడాడు. నా ప్రజలకు ఏం జవాబు తీసుకెళ్లమంటారని అడిగాడు.

జవాబు జూలై 15న అందింది. ఆంక్షలు ఎత్తేశారు, గాడిదల మీదవాటితో సహా.