ఆరు సెకన్ల పోరు, రెండు గంటల నిరీక్షణ

నమస్కారం. ముందు ఒక లెక్క చెబుతాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలతో కథ నడిపించే ఆట. దాని అయిదో ఎడిషన్‌లో ఒక రౌండ్ పోరు, అంటే అందరికీ ఒక్కో వంతు, కథలో ఆరు సెకన్లు. పోయిన నెల బెంగళూరు మారతహళ్లిలోని మా గదిలో అయిదుగురు ఆటగాళ్ళు, కథలో ఆరుగురు గోబ్లిన్లు (మరుగుజ్జు రాక్షసులు), ఒక గుహ. నాలుగు రౌండ్లు జరిగాయి. కథలో 24 సెకన్లు, మా గోడ గడియారంలో రెండు గంటలు. మధ్యలో మా యోధుడి పాత్ర ఆడేవాడు మెట్లు దిగి, సందు చివర దర్శిని హోటల్లో ఫిల్టర్ కాఫీ తాగి తీరిగ్గా పైకి వచ్చాడు. మాంత్రికుడి వంతు ఇంకా నడుస్తూనే ఉంది.

“ఇంకా అదే వంతా అన్నా?” అని వాడు అడిగితే, ఆట నడిపించే డీఎంగా నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మాంత్రికుడు ఏం చేశాడో దగ్గరగా చూద్దాం. తన పేరు పిలిచాక ఫోను పక్కన పెట్టాడు. ఎవరెక్కడున్నారని అడిగాడు. మంత్రాల కాగితాలు తిరగేసి ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం వేస్తానన్నాడు. అది 20 అడుగుల వ్యాసార్థం, అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి 40 అడుగులు. గుహ వెడల్పే 30. మనవాళ్ళు కూడా కాలిపోతారని తెలిసి, మళ్ళీ మొదటి కాగితం దగ్గరికి వెళ్ళాడు. ఇందులో పాచిక వేసిన సమయం ఎంత? అసలు వేస్తేగా! ఆలోచన వంతు వచ్చాక మొదలైంది, అదే జబ్బు. అష్టాచెమ్మా ఆడే అమ్మమ్మలు ఎదుటివారు గవ్వలు వేస్తుండగానే ఎన్ని పడితే ఏ కాయ జరపాలో చూసుకుని ఉండేవారు.

ఇదిగో, నా ముందున్న ఈ అట్ట తెరను చూడండి. బట్టలు ఆరేసే క్లిప్పుల మీద పేర్లు రాసి, ఇనిషియేటివ్ వరుసలో, అంటే పోరు మొదట్లో పాచిక వేసి తేల్చుకున్న వంతుల వరుసలో, దీనికి తగిలించాను. వరుస అందరికీ కనిపిస్తుంది. వంతు పిలిచినప్పుడు ఒక పేరు కాదు, రెండు పేర్లు పిలుస్తాను: “ఇప్పుడు విలుకాడు, తర్వాత మాంత్రికుడు.” ఆ రెండో పేరు వినగానే కాగితాలు తిరగడం మొదలవుతుంది. ఇసుక గడియారం కూడా పెట్టి చూశాను. కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని చూసి కంగారుపడి, గాయపడిన మిత్రుడిని వదిలేసి ఖాళీ పెట్టెను కొట్టింది. ఆ రోజే దాన్ని అటక ఎక్కించాను.

ఇప్పుడు పాచికలు. చాలామంది ఇరవై ముఖాల పాచిక వేసి, కూడి, తగిలిందా అని అడిగి, అప్పుడు దెబ్బ ఎంతో తేల్చే రెండో పాచిక కోసం బల్ల కింద వెతుకుతారు. రెండూ కలిపి వేయండి. చూడండి, యోధుడి కత్తి దెబ్బ. పెద్దది 12, దానికి 5 కలిపితే 17. గోబ్లిన్ ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె, 15. తగిలింది. ఎనిమిది ముఖాల పాచిక మీద 4, దానికి 3 కలిపితే 7. ఆటలోని రాక్షసుల వివరాలుండే 2014 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ ప్రకారం గోబ్లిన్‌కు ఉన్నవే 7 హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం. పడిపోయాడు. అంతే, ఒక్క విసురు.

ఫైర్‌బాల్ దెబ్బకు ఎనిమిది ఆరు ముఖాల పాచికలు. ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టకండి, పదులుగా జత చేయండి. 6, 4 ఒక పది. 5, 5 ఇంకో పది. 6, 3, 1 మరో పది. మిగిలింది 1. మొత్తం 31. తప్పించుకున్నవాడికి తగిలేది సగం, అంటే 15. గోబ్లిన్‌కు ఉన్నది 7! ఇక ఎవడు తప్పించుకున్నాడో తేల్చడానికి నేను ఆరుసార్లు పాచిక వేయడం ఎందుకు? దెబ్బ ఎంతో ముందు చూసుకుంటే ఆ పని మొత్తం తప్పిపోతుంది.

డీఎంలు ఒప్పుకోరు గానీ, సగం ఆలస్యం మనదే. గోబ్లిన్లందరికీ ఒకే ఇనిషియేటివ్ వేయండి, నియమం కూడా అదే. ఆరుగురూ యోధుడి మీద పడితే ఆరు పాచికలూ ఒకేసారి వేయండి. వాడి ఆర్మర్ క్లాస్ 18, గోబ్లిన్ కలుపుకునేది 4. అంటే 14 లేదా ఆపైన పడినవే తగులుతాయి. ఆరు కూడికలకు బదులు ఒక్క తీసివేత. దెబ్బకు పుస్తకంలో ఇచ్చిన సగటు 5 వాడేయండి. ఆటగాళ్ళ దెబ్బలకు మాత్రం సగటు వద్దు, పాచిక వాళ్ళ చేతుల్లోనే గలగలలాడాలి. వాళ్ళు వచ్చేదే దానికోసం.

చివరగా, నలుగురు చచ్చాక మిగిలిన ఇద్దరు గోబ్లిన్లు ప్రాణాలకు తెగించి ఎందుకు పోరాడాలి? అది చచ్చిన పామును కొట్టడమే. ఇదే ఆట 1981 నాటి బేసిక్ నియమాల్లో దీనికి మొరేల్ (మనోధైర్యం) అని ఒక అంకె ఉండేది. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి, ఆ అంకెను దాటితే శత్రువు పరుగో, లొంగుబాటో. నేను దాన్ని మళ్ళీ తెచ్చుకున్నాను. లొంగిన గోబ్లిన్‌ను ప్రశ్నలడగడం మా వాళ్ళకు కత్తి దూయడం కన్నా ఎక్కువ నచ్చింది.

మొన్న ఆదివారం ఇలాంటి గుహలోనే అంతమంది గోబ్లిన్లతో ఆడాం. నలభై నిమిషాలు పట్టింది. యోధుడు అలవాటుగా కాఫీకి వెళ్ళి వచ్చేసరికి వాడి వంతు దాటిపోయింది. వచ్చే వారం ఫ్లాస్కు తెస్తానంటున్నాడు.