తాగేది క్యాను నీళ్లు, వండేది బోరు నీళ్లు: ఫ్లోరైడ్ ఎటు నుంచి వస్తోంది?

[తెర మీద: బల్ల మీద రెండు గాజు గ్లాసులు, రెండింటిలోనూ నీళ్లు. కెమెరా బాగా దగ్గరగా.]

నమస్తే అండి. ఈ రెండు గ్లాసుల్లోవీ బోరు నీళ్లే. ఒకదాంట్లో ఫ్లోరైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము, ఇంకోదాంట్లో 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి. ఏది ఏదో చూసి చెప్పగలరా? నేనూ చెప్పలేను. రంగు మారదు, వాసన రాదు, తాగి చూసినా నాలుక పట్టుకోలేదు. నీళ్లు తియ్యగా ఉన్నాయని, సబ్బు బాగా నురగ వస్తోందని ధీమా పడటానికీ లేదు. కాల్షియం తక్కువగా ఉండే మెత్తటి నీళ్లలోనే చాలాసార్లు ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది.

[తెర మీద: పల్లెటూరి ఇంటి గడప, ఎండ.]

మా మేనత్తను మునుగోడు వైపు ఇచ్చారు. ఎండాకాలం సెలవులకు వెళ్తే గడప దగ్గర నుంచే "అత్తా" అని కేకేసేవాళ్లం. ఆమె మెడ తిప్పి చూసేది కాదు. పాదాలతో సహా మనిషి మొత్తం ఇటు తిరిగేది. అది ఆమె తీరు అనుకున్నాం. మెడ, వెన్ను బిగుసుకుపోయాయని మేం పెద్దయ్యాక గానీ తెలియలేదు. వాతం నొప్పులని ఏళ్ల తరబడి మాత్రలు మింగింది. నీళ్ల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

[తెర మీద: పాత పటం, మద్రాసు ప్రెసిడెన్సీ. నెల్లూరు జిల్లా మీద గుర్తు.]

ఇది కొత్తగా వచ్చిన జబ్బేమీ కాదు. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని 2003లో ఢిల్లీ తీసుకెళ్లి, నాటి ప్రధాని వాజ్‌పేయి ఎదుట ఉంచి ఈ నీళ్లు మనిషిని ఏం చేస్తాయో చూపించారు. వంకరపోయిన ఒంటితోనే ఆయన ఏళ్లపాటు మంచినీళ్ల కోసం గొంతెత్తారు. 2023 జనవరిలో కన్నుమూశారు.

అసలు ఇది ఎక్కడి నుంచి వస్తుంది? రాతిలో నుంచి. మన నేల కింద చాలాచోట్ల గ్రానైటు. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు రాతి పగుళ్లలో ఎన్ని ఏళ్లు నిలిస్తే అంత కరిగించుకుంటుంది. పైనున్న ఊట ఎండిపోయి బోరు 500 అడుగులకు, 800 అడుగులకు దించామంటే, చాలాకాలంగా రాయిని నానబెడుతూ ఉన్న నీటిని పైకి తోడుతున్నామన్నమాట.

[తెర మీద: 1.0, 1.5 అంకెలు.]

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. కానీ ఎండలో కలుపు తీసే మనిషి తాగే నీళ్లు, ఏసీ గదిలో కూర్చునే మనిషి తాగే నీళ్లు ఒక్కటి కాదు కదా. అంకె ఒకటే అయినా ఒంట్లోకి వెళ్లేది మూడింతలు కావచ్చు.

[తెర మీద: వంటిల్లు. స్టవ్ పక్కన 20 లీటర్ల క్యాను, సింకు దగ్గర బోరు నీళ్ల బిందె.]

ఇక్కడ కాస్త ఆగుదాం. చాలా ఇళ్లలో కనిపించేది ఇదే. తాగడానికి క్యాను, బియ్యం పోయడానికి, పప్పు ఉడికించడానికి, టీ పెట్టడానికి బిందె. "మరిగించేస్తున్నాం కదా" అంటారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం చచ్చేది కాదు, ఆవిరయ్యేదీ కాదు. పోయేది నీరు, గిన్నెలో మిగిలేది ఫ్లోరైడ్. చారు మరిగి సగానికి వచ్చిందంటే, ఆ చారులో ఫ్లోరైడ్ చిక్కదనం రెట్టింపు. వెనకటి రోజుల్లో గంజి వార్చేవాళ్లు కాబట్టి కొంతైనా బయటికి పోయేది. ఇప్పుడు కుక్కర్లో పోసిన ప్రతి చుక్కా అన్నంలోనే.

లెక్క వేద్దాం. నలుగురున్న ఇల్లు, రెండు పూటల వంటకు 4 లీటర్లు. లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే మొత్తం 12. తలకు 3. ఒక్క గుక్క బోరు నీళ్లు తాగకుండానే ఇది. అవే నీళ్లు పొలంలో ఇంకో 4 లీటర్లు తాగితే మరో 12 చేరి 15 అవుతుంది. రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరిగే సూచనలున్నాయని, 14 దగ్గర ముప్పు స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందుకే నా మాట ఒకటే: మంచినీళ్లు చాలినన్ని లేకపోతే ముందు తాగడానికి, వంటకు వాడండి. బట్టలకు, గిన్నెలకు, స్నానానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు, చర్మం ద్వారా లోపలికి వెళ్లేది పట్టించుకోవాల్సినంత ఉండదు.

[తెర మీద: పిల్లవాడి నవ్వు, ముందు పళ్లు దగ్గరగా.]

మొదట కాపాడుకోవాల్సింది ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని. పంటి పైపొర చిగురు లోపల తయారయ్యే వయసు అది. ఆ పొర పాడైతే మళ్లీ పుట్టదు. మన దగ్గర ఏ మరక కనిపించినా "గార పట్టింది" అనేస్తారు. గార చిగురు అంచున పేరుకుంటుంది, డాక్టరు గీస్తే వస్తుంది. ఫ్లోరోసిస్ చార పంటికి అడ్డంగా, పొర లోపలే ఉంటుంది. మొదట సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా, తర్వాత పసుపు, గోధుమ రంగు. కుడి పంటికి ఉంటే సాధారణంగా ఎడమ జోడు పంటికీ ఉంటుంది. ఎంత తోమినా పోదు. పిల్లల్ని తిట్టకండి.

తల్లిపాలల్లో ఫ్లోరైడ్ చాలా తక్కువ. డబ్బా పాలు బోరు నీళ్లతో కలిపితే మాత్రం ఆ నీళ్లలో ఉన్నదంతా పసివాడికే. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ముందు చూడాల్సింది ఆ గిన్నె.

[తెర మీద: ఒక పెద్దాయన నిలబడి చేసి చూపిస్తారు.]

పెద్దవాళ్లకు మూడు పరీక్షలు, ఇప్పుడే చేయొచ్చు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోండి. గడ్డం ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టండి. వీటిలో ఏది చేయబోయినా బిగుసుకుపోయి ఆగిపోతుంటే, బోరు నీళ్లు తాగే ఊరైతే, డాక్టరు దగ్గర నీళ్ల సంగతి కూడా చెప్పండి. ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయిస్తారు. బిగువుకు వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి మీరే తేల్చేసుకోవద్దు. తొలి దశలో నీళ్లు మార్చుకుంటే నొప్పులు తగ్గుముఖం పట్టొచ్చు. వంగిపోయిన ఎముక మాత్రం తిరిగి నిలబడదు.

[తెర మీద: ఆర్వో యంత్రం మూత తీసి, లోపలి మర.]

మరి ఏది పనిచేస్తుంది? క్యాండిల్ ఫిల్టరు, యూవీ, క్లోరిన్ బిళ్ల, రాగి చెంబు: ఫ్లోరైడ్ విషయంలో ఏదీ కాదు. ఆర్వో తీస్తుంది, లోపలి వడపోత పొర బాగుంటేనే. ఈ చిన్న మర చూశారా? నీళ్లు చప్పగా ఉన్నాయంటే మెకానిక్ దీన్ని తిప్పి, ఆర్వో గుండా వెళ్లని నీళ్లను కొంచెం కలుపుతాడు. రుచి వస్తుంది, దాంతోపాటే ఫ్లోరైడూ తిరిగి వస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో ఈ మరను మూసి ఉంచమనండి. టీడీఎస్ మీటరు చూపించే అంకె కూడా నీటిలో కరిగిన లవణాలన్నిటిదీ కలిపి, ఒక్క ఫ్లోరైడ్‌ది కాదు. యంత్రం వదిలేసే వృథా నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, పశువులకు పెట్టొద్దు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. పాళ్లు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది, అందుకని ఇంట్లో అందాజుగా చేయొద్దు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద నది నీళ్లు వస్తున్న ఊళ్లలో అవే మేలు. నల్లా రాని రోజుకు ఒక బిందె పట్టి ఉంచుకోండి.

తిండి సంగతికొస్తే పాలు, పెరుగు, రాగులు, ఉసిరి మంచివి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు. అంటే చారు మంచిదే, కానీ మంచినీళ్లతో కాయండి. నల్ల ఉప్పు, పాలు లేని టీ తగ్గించండి.

[తెర మీద: ఒక ప్లాస్టిక్ సీసా, మీద అంటించిన కాగితం.]

పరీక్షకు నీళ్లు ఎలా పట్టాలంటే, మోటారు వేసి ఐదు నిమిషాలు వదిలేయండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పుతుంది. బోరు ఎక్కడుంది, ఎన్ని అడుగులు, ఏ తేదీన పట్టారు, కాగితం మీద రాసి అంటించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇచ్చి, "ఫ్లోరైడ్ చూడండి" అని నోరు తెరిచి అడగండి. ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పట్టండి. బోరును ఇంకా లోతుకు దించితే పాత కాగితం చెల్లదు, మళ్లీ పట్టాల్సిందే.